టిక్కీల గుట్ట మీంచి మా ఉపగ్రహం

కాదండీ, మైకు నా చేతికెందుకివ్వరని అడగడం కూడా తప్పేనా? మా కాలేజీ వాళ్లం చేసిన బుల్లి ఉపగ్రహానికి యాంటెన్నా బిగించింది నేను. గుంటూరులో ఇనప సామాన్ల కొట్లో కొలతల స్టీలు టేపు కొని, ముక్కలు చేసి, వేళ్లు కోసుకుని మరీ బిగించాను. తీరా వ్యోమగాములు తమ నౌకలోంచి పరిశోధన ఉపగ్రహాలను ఒక్కొక్కటే బయటికి వదిలే రోజున, ఆడిటోరియంలో పెద్ద తెర ముందు మాట్లాడేది టీమ్ లీడరొక్కతేనట. "అయితే మీరే చూసుకోండి!" అని అరిచి, వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చి, దాచేపల్లి బస్సెక్కి దారిలో మా బాబాయి ఊళ్లో దిగిపోయాను.

ఎవరైనా బతిమాలతారేమోనని బస్సులో ఉన్నంతసేపూ ఫోను చూస్తూనే ఉన్నాను. ఒక్కరూ చెయ్యలేదు.

పోనీ అని వదిలేయలేను. బయటికి పోయాక విచ్చుకోవాలని నేను మడిచి కట్టిన టేపు ముందే విచ్చుకుందంటే, మా ఉపగ్రహం దాన్ని వదిలే పెట్టెలోనే ఇరుక్కుపోతుంది. అందరి కష్టం నా మూలంగా బూడిదవుతుంది. అది బయటికి రావడం నా కళ్లతో నేను చూడాలి.

బాబాయి, పిన్ని మిరపకళ్లంలో ఉన్నారు. ఎండిన కాయల మీద కాసిని నీళ్లు చిలకరించి గోతాల్లో తొక్కిస్తున్నారు. అలా బిగించిన గోతాన్నే టిక్కీ అంటారు. సిగ్నల్ ఒక్క గీత ఉంది, అదీ వస్తూ పోతూ.

"ఆ టిక్కీల మీదకెక్కరా, వస్తుంది," అన్నాడు బాబాయి.

రెండు చేతులతో గోతాలు పట్టుకుని పాకుతూ గుట్టెక్కాను. లైవ్ వచ్చింది. నల్లటి ఆకాశం, పొడుగాటి తెల్లటి రోబో చెయ్యి, దాని చివర పెట్టె. సరిగ్గా అప్పుడే చెమట కంట్లోకి కారింది. తుడుచుకున్నాను. ఆ చేత్తోనే.

"ఒరేయ్, రుద్దమాకురా!" అని పిన్ని అరిచేలోపే రెండో కన్ను కూడా రుద్దేశాను.

ఎలా కిందికి దొర్లానో తెలీదు. కళ్లు తెరుచుకోవు. జీవితంలో మొదటిసారి ఫోను నా అంతట నేనే ఇంకొకరి చేతిలో పెట్టాను.

"బాబాయ్, చూడు! పెట్టెలోంచి ఏమన్నా వచ్చిందా?"

"ఏముందిరా, అంతా నలుపేగా."

"తెల్ల చెయ్యి చివర చూడు!"

"ఆ... ఒకటొచ్చింది. సబ్బుబిళ్లంత ఉంది."

"అది వేరేవాళ్లది. తర్వాతది మాది!"

"ఇంకేం రావట్లేదే."

లేవబోయాను. పిన్ని పాలల్లో ముంచిన గుడ్డతో నా కళ్లు అద్దుతూ, "కదలమాకురా, అది రాకపోతే నువ్వెళ్లి లాగుతావా ఏంటి?" అంది.

"ఆగాగు... వచ్చింది! ఇది తిన్నగా పోతందిరా, కొంచెం కూడా తిరగట్లా."

"టేపు వేలాడుతోందా?"

"ఏమీ వేలాడట్లా. నున్నగా ఉంది."

హమ్మయ్య, నా టేపు ముందే విచ్చుకోలేదు అనుకుంటూ కళ్లంలోనే కూలబడ్డాను. ఇంతలో ఫోను మోగింది. టీమ్ లీడర్ వీడియో కాల్. బాబాయి ఎత్తి, బుద్ధిగా నా మొహానికెదురుగా పట్టాడు. వాళ్లేమో దాన్ని పెద్ద తెర మీద పెట్టారు. ఉబ్బిపోయిన ఎర్రటి కళ్లు, కారుతున్న ముక్కు, గడ్డం దాకా పాలు. పొద్దున్నుంచీ కోరుకున్న పెద్ద తెర నాకిలా దక్కింది.

"అయ్యో, ఏడుస్తున్నాడే!" అందెవరో. తర్వాత చప్పట్లు.

"సారీ రా," అంది లీడర్, మైకులోనే. "నీకు దీని మీద ఇంత ప్రాణమని తెలీలేదు."

"అది కాదమ్మా, వాడూ..." అని బాబాయి మొదలుపెట్టాడు. నేను తడుముకుంటూ వెళ్లి ఆయన కాలు తొక్కాను.

ఆ రాత్రి గ్రూపులో మళ్లీ చేర్చారు. నా ఏడుపు మొహమే గ్రూపు ఫొటో అయింది. మిరపకారం అని బాబాయి ఊరందరికీ చెప్పుకుని నవ్వుతున్నాడు, నవ్వనీండి. కానీ పాలతో కడిగి, మంట మొత్తం తగ్గాక కూడా చాలాసేపు నా కళ్లు కారుతూనే ఉన్నాయి. అది కూడా మిరపకాయేనని నా ఎదురుగా నిలబడి అనే దమ్ము మీలో ఎవరికైనా ఉందా?