గంజి పెట్టిన లంగాతో భద్రాచలం

ఎర్రుపాలెంలో పొద్దున్నే రైలెక్కుతూ రాముడికి దండం పెట్టుకున్నాను. చేతిలో రెండు సంచులు. ఒకదానిలో పాతకాలం దొరసానులు వేసుకునే కుచ్చుల గౌను, రెండోదానిలో దాని కింద తొడిగే గంజి లంగా. బడికి వెళ్లని నాకు ఇంట్లోనే అమ్మ నేర్పిన కుట్టు ఇది, ఆమె చలవ. భద్రాచలంలో ఒక టీచరమ్మ కూతురు సాయంత్రం నాలుగింటికి బడి నాటకంలో దొరసాని వేషం వేస్తోంది. లంగా కుచ్చులు బిర్రుగా నిలబడకపోతే గౌను కాళ్లకు చుట్టుకుని పిల్ల స్టేజీ మీదే పడుతుంది.

ఖమ్మంలో ఇడ్లీ తిని తొమ్మిదింటి బస్సెక్కాను. గౌను పైన పెట్టి, లంగా సంచి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కనున్న పెద్దావిడ చూపంతా దాని మీదే.

"ఏందమ్మా, గంత ఉబ్బింది? కోడిపుంజా?"

"లంగా అండీ."

వేలితో నొక్కి కూడా చూసింది. నాకది నచ్చలేదు. జూలూరుపాడు దాటాక ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఫోనులో గుసగుసలాడింది. "తమ్మీ, ఆ లంగను ఇడ్సద్దు. కొత్తగూడెంల బస్సాగంగనే పట్టుకొని దించు."

నా లంగా మీదే కన్నేసిందనుకున్నాను. సంచిని సీటు మీద పెట్టి దాని మీదే కూర్చున్నాను.

కొత్తగూడెంలో మీసాలవాడొకడు ఎక్కి నేరుగా మా వైపే వచ్చాడు.

"చంపినా నా లంగా ఇవ్వను!" అని అరిచేశాను.

బస్సంతా ఘొల్లుమంది. "నీ లంగా మాకెందుకక్కా? మా లంగ గీడున్నడు," అంటూ అతను మా ముందుసీటాయన్ని భుజం పట్టి దించాడు.

"లంగ అంటే మా దిక్కు మోసగాడు బిడ్డా," అంది పెద్దావిడ, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ. "మా ఇంట్ల పెండ్లికి టెంటు ఏస్తనని పైసలు దీస్కొని, ముహూర్తం నాడు ఫోను బందు పెట్టిండు."

సంచి విప్పితే కుచ్చులన్నీ అప్పడాల్లా అణిగి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఏడుస్తవేంది? దా, అటు పట్టు." ఆమె కూడా భద్రాచలానికే, దర్శనానికి వస్తోందట. సీసాలోని నీళ్లు చిలకరించింది. పాల్వంచ దాటి అడవిలో పడ్డాక కిటికీ గాలికి లంగా చాపి, ఇద్దరం ఒక్కో కుచ్చునూ వేళ్లతో లాగాం. గాలికి వదిలేస్తుందేమోనని నా అనుమానం; నడుంపట్టీ మాత్రం నేనే పట్టుకున్నాను.

"దానికి టికెట్ తీసుకున్నరా?" అన్నాడు కండక్టరు.

గంజి మళ్లీ బిగిసింది. ఈ దారిన గంజిబట్టలు తెచ్చేవాళ్లు నీళ్లసీసా మరవకండి. నాలుగింటికి పిల్ల గిర్రున తిరిగితే గౌను గొడుగులా నిలబడింది. రాముడి దయ, ఆ పెద్దావిడ చేతి చలవ.

దర్శనం చేసుకుని తిరుగు బస్సెక్కితే మళ్లీ ఆమే. కునుకుతూ తన లడ్డూల సంచి నాకిచ్చింది.

"పైలం బిడ్డా, బస్సుల లంగలుంటరు."

ఆమె కొత్తగూడెంలో దిగేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాను, నలక్కుండా.