జీడికత్తులు చూడ్డానికి కవిటి దాకా

పొద్దున్న ఏడింటికి నౌపడ జంక్షనుకి రావలసిన ప్యాసింజరు ఏడుంపావుకి వచ్చింది. సోంపేటకి టిక్కెట్టు తీసుకున్నాను. టెక్కలిలో ఇనుప పని చేసే నా లేతు షాపుకి తాళం వేసి ఎందుకు బయలుదేరానో దాచుకోవడం దేనికి, అసూయతో. పలాస ఫ్యాక్టరీల్లో జీడికాయ కోసే కత్తులు ఇరవై ఏళ్ళుగా నేనే చేస్తున్నాను. ఇప్పుడు కవిటిలో నా తోడల్లుడు రమణ కంప్యూటరుతో నడిచే మిషను పెట్టి అవే చేస్తున్నాడు. పలాస ఫ్యాక్టరీ షావుకారు కొన్ని వాడి చూసి, నన్ను పిలిచాడు.

"నువ్వెళ్ళి సూసిరా. పనికిరావంటే ఆర్డరు నీకే ఇత్తాను. ఇనుము సంగతిలో నీ మాటే నాకు మాట."

అంటే నేను ఒక్క అబద్ధం ఆడితే చాలు.

పూండిలో ఎక్కినావిడ నా ఎదుట కూర్చుంది. జీడి రసానికి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. పలాసలో కాయ కోస్తుందట. ఏ కత్తులు మంచివని అడిగాను.

"మిసనువే బాబూ. పప్పు బద్దవకుండా గుండుగా వత్తంది. పాతవి ఏ మేస్త్రి సేసీవోడో గానీ, ఒకటి ఇరిగితే రెండోది కూడా పారెయ్యాల."

ఆ మేస్త్రిని నేనేనని చెప్పలేదు. నా కత్తులు జతలు మరి. పై కత్తినీ కింది కత్తినీ ఒకదానికొకటి సరిపోయేలా ఆకురాయితో రాసి, రెండింటికీ ఒకే గుర్తు కొడతాను. జత విడిపోతే రెండూ దండగే. ఇన్నాళ్ళూ దాన్నే పనితనం అనుకున్నాను.

తొమ్మిదింటికి సోంపేట. స్టేషను బయట ఇడ్లీ వేడిగా దొరుకుతుంది. కవిటికి షేర్ ఆటో ముప్పై రూపాయలు, ఎండెక్కితే మనుషులు నిండేదాకా కదలదు. దారంతా కొబ్బరితోటల నీడ చల్లగా ఉంది, నాకే కడుపు మండుతోంది.

"రా అన్నియ్యా" అని రమణ షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఇనుప పలక పెట్టి అద్దం తలుపు మూస్తే మిషను లోపలే కోసి, అంచు తీసి ఇస్తోంది. రవ్వ కంట్లో పడదు, వేలు నలగదు. నా కుడి చూపుడువేలు సగమే ఉంది. ఆ తలుపు చూసి ఏడుపొచ్చినంత పనైంది.

ఎలాగైనా తప్పు పట్టాలని పది జతలు అడిగి, గోనెసంచి మీద కలగాపులగం చేశాను. చేతికందిన ఓ పై కత్తినీ ఓ కింది కత్తినీ కోత బల్లకి బిగించి, కాయ పెట్టి కాలిమీట తొక్కాను. గుండు పప్పు. వేరే రెండు బిగించాను. మళ్ళీ గుండే. పదోసారి దాకా వదల్లేదు.

"ఏటన్నియ్యా, అలిసిపోనావా?" అని రమణ నవ్వాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

అప్పుడు మిషను వెనకనుంచి అప్పన్న వచ్చాడు. నా దగ్గర పదకొండేళ్ళు సుత్తి పట్టినవాడు. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరగడం మొదలయ్యాక, "బాగయ్యాక రా" అని నేనే పంపేశాను. అది బాగయ్యే జబ్బు కాదని నాకు తెలుసు. ఆసుపత్రికి వెళ్ళని రోజుల్లో ఇక్కడ కుర్చీలో కూర్చుని మీటలు నొక్కుతున్నాడు.

"కత్తి వాలు నీదే బాబూ. నీ కాడ సూసిందే అంకెలేసి మిసన్లోకి ఎక్కించేను. బరువెత్తే పని నేదు నాకు. పలాస ఆర్డరొత్తే ఈ పని నిలబడతాది, నేకపోతే నేదు."

చెబుతూ మిషను వైపు మురిపెంగా చూశాడు. ఒకప్పుడు నా చేతులకేసి అలా చూసేవాడు. మిషనుని చూసిన దానికంటే ఆ చూపు చూసి ఎక్కువ కుళ్ళుకున్నాను.

మధ్యాహ్నం మరదలు పనసపొట్టు కూర వడ్డించింది. ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువేం కాలేదు.

మూడున్నరకి సోంపేటలో తిరుగు బండి ఎక్కాను. ఇనుప పని చేసేవాళ్ళెవరైనా ఆ షెడ్డు చూసి రావాలి. ఓర్వలేకపోయినా సరే, చూడాలి. బారువ దగ్గర షావుకారు ఫోను చేశాడు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను. బాగోలేవన్న మాట నోటిదాకా వచ్చి ఉంది. మందస రోడ్డు స్టేషను దాటాక నేనే చేశాను.

"బాగున్నాయి. నావాటికంటే బాగున్నాయి."



"మరి నువ్వేటి సేత్తావు?" అన్నాడు షావుకారు.

నౌపడలో దిగేదాకా ఆలోచించాను. టెక్కలి వెళ్ళి షాపు తాళం తీశాను.