పిల్లికి లేని గడ్డం

భార్య కడుపుతో ఉంటే భర్త గడ్డం గీయకూడదని మా అమ్మ పట్టు. అలాంటివి నేను నమ్మను. కానీ అంతకుముందు ఒక కడుపు పోయింది. ఈసారి రేజరు పట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

విజయనగరం ఆసుపత్రిలో మా ఆవిణ్ణి ఆపరేషను గదిలోకి తీసుకెళ్లాక, బయట బల్లమీద ఆ గడ్డమే పీక్కుంటూ కూర్చున్నాను. పక్కన మా మామగారు. నన్ను మాటల్లో పెట్టాలని ఆయన తంటాలు.

"ఏటల్లుడూ, దీన్నేటంటారు? పిల్లిగడ్డమా?"

"పిల్లికి గడ్డమెక్కడుంది మావా? మీసాలే కదా! ఆ పేరు పెట్టినోడు మేకని సూసుంటాడు," కసిరాను.

"మరి ఫ్రెంచి గడ్డమో?"

"ఆ దేశం ఎళ్లి అడగండి!"

ఆయన నవ్వలేదు. అప్పుడు చూశాను, ఆయన చేతుల్లో తువ్వాలు తాడులా మెలిపడి ఉంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "పాప. తల్లి బాగుంది," అంది నర్సు, గుడ్డలో చుట్టిన బిడ్డని తెచ్చి.

మామగారు గుడ్డ తొలగించి చూసి గట్టిగా అన్నారు: "గడ్డం నీదేరా!"

పసిపిల్లకి గడ్డమేమిటి? వెంట్రుకలకన్నా ముందు ఆ పేరు దేనిదో అప్పుడు గుర్తొచ్చింది. నా గుబురులోకి వేళ్లు దూర్చి, నెలలుగా మరిచిపోయిన నా గడ్డాన్ని తడుముకున్నాను.