సైలస్ తట్టిన గోడ

మా మరిది సైలస్ థర్ల్‌వెల్ గురించి ఈ వీధిలో ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోతే పీడా పోయె, నేనే చెబుతాను. ఇంగ్లండులో, డరమ్ జిల్లాలోని మా ఊరి బొగ్గుగనిలో అలాంటి పనివాడు మళ్ళీ దిగలేదు. మనిషి పొట్టి, నోట్లోంచి మాట ఊడిపడేది కాదు, పార పట్టాడంటే మాత్రం ఇద్దరి పెట్టు.

అతని అన్న జేబెజ్ నా పెనిమిటి. పద్నాలుగులో జర్మన్లతో యుద్ధం మొదలైన మరుసటి ఏడు సైన్యంవాళ్ళు గని కార్మికుల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఫ్రాన్సులో రెండు పక్షాలూ కందకాల్లో కూరుకుపోయాయట. ఇక నేల కింద సొరంగాలు తవ్వి, అవతలివాడి కందకం కింద మందుగుండు పెట్టి లేపెయ్యాలట. అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. జర్మన్లూ తమ గని కార్మికుల్నే దింపారు. సుద్దరాతి గోడకి అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. నేల చప్పుడు వినే కొత్త పరికరం చెవులకు తగిలించుకుని, ఎవడు ఎంత దూరంలో తవ్వుతున్నాడో పసిగట్టేవాళ్ళు.

ఏ దేశంలోనైనా గని కూలిపోయి మనిషి లోపల చిక్కుకుంటే గోడమీద మూడు దెబ్బలు కొడతాడు, ఆగి మళ్ళీ మూడు. విన్నవాడు చేతిలో పని పడేసి అటే తవ్వాలి, చిక్కుకున్నవాడు పగవాడైనా సరే. ఒకరోజు పేలుడు తర్వాత జేబెజ్‌కి ఆ దెబ్బలు వినిపించాయి. అధికారి వద్దంటున్నా ఇద్దరిని వెంటబెట్టుకుని తవ్వుకుంటూ పోయాడు. కొట్టింది జర్మన్లు. మావాళ్ళు గోడ దగ్గరికి వచ్చేదాకా కొట్టి, తప్పుకుని, పేల్చేశారు. పూడ్చడానికి కూడా ఏమీ మిగల్లేదు.

నేను సైలస్‌కి ఉత్తరం రాశాను. మీ అన్నని ఎలా చంపారో అలాగే చంపి రా, లేకపోతే నా గడప తొక్కకు అని రాశాను.

యుద్ధం అయ్యాక వచ్చాడు. టీ ముందు పెట్టి చెప్పమన్నాను. ఏడాది కాచుకున్నాడట. చిన్న పేలుడుతో వాళ్ళ సొరంగం కొంత కూల్చి, గోడ పక్కన మందుగుండు పేర్చి, తనే మూడు దెబ్బలు కొట్టాడట. ఆ మోసం చేసినవాళ్ళే దానికి పడతారా అని అధికారి నవ్వాడట.

"పడ్డారా?" అన్నాను.

"వచ్చారు వదినా. ఆగకుండా తవ్వుకుంటూ వచ్చారు. ఉండు, వస్తున్నాం అని అరుస్తున్నారు. భాష రాకపోయినా తెలుస్తుందిగా. నాలుగు గొంతులు. బాగా దగ్గరికి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాను."

నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, మూడేళ్ళ తర్వాత ఆ పూటే కడుపారా తిన్నాను. ఆ నలుగురి మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. మర్నాడు బట్టలుతికే చోట ఆడవాళ్ళందరికీ గొప్పగా చెప్పాను. అదే నేను చేసిన పాడుపని.

సోమవారం సైలస్ గనిలోకి దింపే బోను ఎక్కాడు. అందులో ఉన్న ఏడుగురూ దిగిపోయారు. రెండో బోనులోనూ అంతే. అందరూ యుద్ధంలో ఎవరో ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నదమ్ములిద్దరికీ పని నేర్పిన ముసలి ఐజక్ రిడ్లీ గుమ్మం మీదికి పోయి దులిపేశాను. ఇద్దరు మనవళ్ళు పోయారే, నీకైనా సిగ్గులేదా అని అడిగాను.

"నా మనవళ్ళని చంపినవాడు దొరికితే పీక పిసికేస్తానమ్మాయ్," అన్నాడు. "అది వేరు. తట్టి పిలవడం వేరు. రేపు కింద ఆ చప్పుడు వినపడితే నిజమా కాదా అని మేం ఒక్క క్షణం ఆగామనుకో, ఇక ఎవడు దిగుతాడు?"

నీ నోట్లో మన్ను పడ అని తిట్టి వచ్చేశాను.

సైలస్‌ని గని పైన, బొగ్గులోంచి రాళ్ళు ఏరే పనిలో పెట్టారు, కాళ్ళు విరిగినవాళ్ళతో పాటు. పదకొండేళ్ళు అదే ఏరాడు. నిరుడు పోయాడు. ఆ పనికి మొదటిరోజు వెళ్ళి వచ్చిన సాయంత్రం, నేను వీధి వీధంతటినీ పేరుపేరునా శపిస్తున్నాను. సైలస్ తింటున్నవాడు తల ఎత్తాడు.

"వాళ్ళనెందుకులే వదినా. అన్న బతికుంటే నాతో బోను ఎక్కేవాడా?"

ఎక్కేవాడు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. కంచం తీసుకుని కడగడానికి వెళ్ళిపోయాను.