చలపతిరావు గారి పగటి గురక

చలపతిరావు గారు సచివాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిద్రపోయారు. ఆ నిద్రలోనే రాష్ట్రంలో ఉన్న వంతెనల్లో సగం కట్టించారు.

సగం అంటే మరీ ఎక్కువేమో. రెండు వంతెనలు, ఒక కల్వర్టు అనుకుందాం. ఆ కల్వర్టు కింద ఇప్పటికీ చుక్క నీరు పారలేదని గిట్టనివాళ్ళు అంటారు. అది వానల తప్పు గానీ కల్వర్టు తప్పు కాదు. నిద్ర సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. ఎవరైనా ఎదురుగా కూర్చుని, కాగితం చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకుంటే చాలు, ఆయన కళ్ళు మూతపడతాయి. రెండో వాక్యానికి తల పక్కకి వాలుతుంది. మూడో వాక్యానికి గురక మొదలవుతుంది.

అది అల్లాటప్పా గురక కాదు. కుక్కర్‌కి ఆవిరి పట్టినట్టు సన్నగా మొదలై, బోరుబావి తవ్వే లారీలా ఊపందుకుని, చివర ఒక ఈలతో ఆగుతుంది. ఆయన ఉండే ఖాజాగూడ అపార్ట్‌మెంటులో అసోసియేషన్ మీటింగు జరుగుతుంటే, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పక్కనే బండలు పేలుస్తున్నారనుకుని కారు తీసి దూరంగా పెట్టుకున్నారు.

ఆఫీసులో ఫైలు చదివి వినిపించడానికి వచ్చిన కుర్ర గుమాస్తాలు మొదట హడలిపోయేవారు. తర్వాత అలవాటు పడి, పడుకున్న మనిషికి భయమేమిటని గడగడా చదివేసేవారు. ఒకసారి ఒక ఇంజనీరు, ఎలాగూ నిద్రలో ఉన్నారు కదా అని మధ్యలో ఒక పేజీ దాటించేశాడు. చలపతిరావు గారు ఒక కన్ను తెరిచారు.

"ఆ పేజీకి ఏం జబ్బు చేసింది నాయనా, పక్కన పడుకోబెట్టావు?"

అప్పటినుంచీ సచివాలయంలో ఒక సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చింది. ఆయన నిద్రపోయాకే ఆయన చెవులు డ్యూటీలో చేరతాయని.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం తణుకులో ఆయన పెళ్ళిచూపులనాడు జరిగింది. పెళ్ళికూతురు కనకలక్ష్మిని పాట పాడమన్నారు. ఆవిడ నోరు తెరిచేలోపే పెళ్ళికొడుకు గుర్రుపెట్టి నిద్రపోయాడు. పెళ్ళికూతురి మేనమామ మండిపడి, ఈ సంబంధం వద్దు పొమ్మన్నాడు. కనకలక్ష్మి మాత్రం చేసుకుంటే ఆయన్నే చేసుకుంటానంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఈ మహానుభావుడి దగ్గరికే షారోన్ కాగితాలు పట్టుకుని రావాల్సి వచ్చింది.

షారోన్ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగి. మంచి తెలివైన పిల్ల. ఒక్కటే చిక్కు. ఎవరైనా తనవైపు చూస్తే ఆమె గొంతు ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఆఫీసులో పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి నిన్న ఏం చేశామో చెప్పుకునే మీటింగులో, ఆమె పక్కనే నిలబడి ఫోన్లో టైపు చేసి పంపుతుంది. పక్క సీటు అవినాష్ దాన్ని పైకి చదువుతాడు.

ఆమె తల్లి రాహేలు దీనికి పూర్తిగా విరుద్ధం, మాట్లాడటం మొదలుపెడితే ఆగదు. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన రాహేలు, పాత ఖాజాగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని పిల్లల సెంటర్ నడుపుతోంది. అద్దాల టవర్లలో ఊడ్చి తుడిచే తల్లులు పొద్దున్నే చంటిపిల్లల్ని అక్కడ దింపి పనికి పోతారు. ఇప్పుడు ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు.

"ఇల్లు కూలగొడ్తడంట. వానలు పడేలోపట ఖాళీ చెయ్యమంటుండు. గీ పోరగాళ్ళను తీస్కొని నేనేడికి పోవాలె?" అని రాహేలు కనిపించినవాళ్ళందరినీ అడిగింది. చర్చివాళ్ళు తమ వెనకున్న ఖాళీ జాగా ఇస్తామన్నారు. గోడలు, కప్పు మాత్రం ఎవరో ఒకరు వేయించాలి. సేవాకార్యక్రమాలకు సాయం చేసే ఒక పెద్ద కంపెనీ ప్రతిపాదన రాసి పంపమంది. పంపితే సరిపోదు, సెంటర్‌వాళ్ళే వచ్చి పది నిమిషాలు మాట్లాడి ఒప్పించాలట.

"నేను మాట్లాడ్త," అంది రాహేలు.

"వద్దమ్మా," అంది షారోన్. క్రితంసారి వేరే దాతల ముందు రాహేలు మాట్లాడింది. వాళ్ళ నాయనమ్మకు అమ్మవారు పోసిన దగ్గర మొదలుపెట్టింది. సెంటర్ దాకా రాకముందే దాతలు లేచి, ఆవిడ ఇచ్చిన చింతకాయ తొక్కు పట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలింది షారోన్. ఆమె నోరు తెరిస్తే పిల్లలకు కప్పు, తెరవకపోతే రోడ్డు.

కనకలక్ష్మి రోజూ మధ్యాహ్నం సెంటర్‌కి వెళ్ళి పిల్లలకు కథలు చెప్పేది. ఆవిడే షారోన్‌నీ, ప్రతిపాదన రాసిపెట్టిన అవినాష్‌నీ ఇంటికి తీసుకొచ్చింది.

"ఏమండీ, పిల్లలు ఒక కాగితం రాశారు. కాస్త వినిపెట్టండి."

"దానికేం, చదువు నాయనా," అన్నారు చలపతిరావు గారు, పడక్కుర్చీలో వెనక్కి వాలి.

అవినాష్ గొంతు సవరించుకున్నాడు. "అట్టడుగు వర్గాల బాల్యదశ సంరక్షణలో సమ్మిళిత, సుస్థిర, బహుముఖ భాగస్వాముల సమన్వయంతో..."

కుక్కర్‌కి ఆవిరి పట్టింది.

"ఆంటీ, నేనింకా మొదటి వాక్యంలోనే ఉన్నాను," అన్నాడు అవినాష్ బిక్కమొహం వేసి.

"అయితే అది తీసేసి చూడు బాబూ," అంది కనకలక్ష్మి మంచినీళ్ళు అందిస్తూ.

తీసేశాడు. తర్వాతి వాక్యానికి బోరుబావి తవ్వడం మొదలైంది. అదీ తీసేశాడు. అలా గురక వచ్చినచోటల్లా కొట్టేసుకుంటూ పోతే పేజీలకు పేజీలు ఎగిరిపోయాయి. ఈల వినిపించి చలపతిరావు గారు లేచేసరికి అవినాష్ చేతిలో రెండు కాగితాలు మిగిలాయి.

"ఇది మా ఆఫీసు టెంప్లేట్ సార్," అన్నాడతను ప్రాణం ఉసూరుమనగా.

"అందుకే దిండులా మెత్తగా ఉంది. ఇంతకీ మీరు అడిగేదేమిటి?"

"ఫెసిలిటీ సార్."

"అంటే?"

"ఇన్‌ఫ్రాస్ట్రక్చర్."

"అంటే?"

"గది," అంది షారోన్ నేలవైపు చూస్తూ.

"అమ్మయ్య. ఒక్క గది కోసమా ఈ యుద్ధమంతా. మాట్లాడబోయేది నువ్వేనా అమ్మా? ఏదీ, ఆ గది గురించి చెప్పు."

ఆయన చూశారు. అవినాష్ చూశాడు. కనకలక్ష్మి చూసింది. షారోన్ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. చలపతిరావు గారు ఆమెను ఒక్క క్షణం పరకాయించి, పెద్దగా ఆవలించారు.

"అవినాషూ, నువ్వు వెళ్ళి మీ ఆంటీకి పకోడీల దగ్గర సాయం చెయ్యి. ఈ అమ్మాయి మిగతాది చదువుకుంటుంది. నాకెలాగూ నిద్ర ముంచుకొస్తోంది."

అన్నంత పనీ చేశారు. షారోన్‌కి ఒళ్ళు మండింది. సాయం అడగడానికి వస్తే ఈ పెద్దమనిషి మర్యాదకైనా కళ్ళు తెరవడేం? కోపంలో కాగితం తీసి గట్టిగానే చదివింది. వినేవాళ్ళు లేరు కదా, గొంతు కూడా బుద్ధిగా వచ్చింది.

మర్నాడు ఆఫీసు అయ్యాక మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రావడం, ఆయన నిద్రపోవడం, ఆమె చదవడం. నాలుగు రోజులకు కాగితం అవతల పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. వారానికి లేచి నిలబడి, చేతులు తిప్పుతూ, ఆ పడక్కుర్చీతో పోట్లాటకు దిగింది. ఎప్పుడైనా పొరపాటున 'భాగస్వాముల సమన్వయం' అందంటే బోరుబావి లారీ స్టార్టయ్యేది. వెంటనే మాట మార్చుకునేది.

ఒకరోజు బుజ్జి గురించి చెప్పింది. బుజ్జికి మూడేళ్ళు. వాళ్ళమ్మ చంద్రమ్మ ఒక టవర్లో అద్దాలు తుడుస్తుంది. సెంటర్ అరుగు మీద నిలబడితే బండరాళ్ళ పైనుంచి ఆ టవర్ కనబడుతుంది. దాని అద్దాల్లో మబ్బులు మరకల్లా కనిపించాయంటే బుజ్జి వెంటనే అందరికీ సంజాయిషీ చెబుతుంది. "మా అమ్మ ఇంక తుడ్వలే. సాయంత్రందాంక ఆగుండ్రి."

గురక ఆగిపోయింది.

"అంకుల్, లేచారా?" అంది షారోన్ కంగారుగా.

"లేదమ్మా," అన్నారు ఆయన కళ్ళు తెరవకుండా. "మంచి నిద్రలో ఉన్నాను. నువ్వు కానియ్."

ఆ పెద్ద కంపెనీకి వెళ్ళే రోజు రానే వచ్చింది. తానూ వస్తానన్నారు చలపతిరావు గారు. "అక్కడ ఏసీ బాగుంటుందటగా," అన్నారు. గేటు దగ్గర రాహేలు సంచిలోంచి తొక్కు సీసా బయటపడింది. సెక్యూరిటీవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆపేశారు.

"ఏంది తమ్మీ, గిది బాంబు లెక్క కొడ్తుందా నీకు? జర నాకి చూడు," అంది రాహేలు. ఆ తమ్ముడు నాకాడు. సీసా మాత్రం మళ్ళీ లోపలికి రాలేదు.

పై అంతస్తులో పొడుగాటి బల్ల. అవతలివైపు ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు మేడమ్. వెనక గోడ పొడుగునా కుర్చీల్లో రాహేలు, అవినాష్, చలపతిరావు గారు.

"చెప్పండమ్మా," అంది మేడమ్ ఇంగ్లీషులో. ముగ్గురూ షారోన్‌ని చూశారు.

అంతే. గొంతు వెళ్ళిపోయింది. పడక్కుర్చీ ముందు చేతులు తిప్పిన పిల్ల, బల్లమీదున్న నీళ్ళ గ్లాసుకేసి చూస్తూ కొయ్యబారిపోయింది. ఆ ముగ్గురిలో ఒకాయన పెన్ను మూత పెట్టేశాడు. వెనక రాహేలు కుర్చీలోంచి సగం లేచింది, నాయనమ్మతో సహా. ఇక అంతా మునిగిందనుకున్నాడు అవినాష్.

అప్పుడు కుక్కర్‌కి ఆవిరి పట్టింది.

సన్నగా మొదలై, చూస్తుండగానే బోరుబావి లారీ ఆ అద్దాల గదిలోకి వచ్చేసింది. బల్ల అవతల ముగ్గురూ ఉలిక్కిపడి గోడవైపు తిరిగారు. అక్కడ చలపతిరావు గారు, చొక్కాకి విజిటర్ బ్యాడ్జీ, చేతిలో కర్ర, పక్కకి వాలిన తల, తెరిచిన నోరు.

"సారూ, ఓ సారూ," అని రాహేలు మోచేత్తో పొడిచింది. లారీ గేరు మార్చింది.

గదిలో ఒక్క చూపు కూడా షారోన్ మీద లేదు. చెవికి అలవాటైన చప్పుడు, ఎదురుగా ఎవరూ చూడని ఖాళీ. ఆమె గొంతు దానంతటదే తిరిగొచ్చింది. "ఖాజాగూడలో మూడేళ్ళ బుజ్జి ఉందండి," అని మొదలుపెట్టింది. మేడమ్ నవ్వు ఆపుకుంటూ ఇటు తిరిగేసరికి షారోన్ చంద్రమ్మ దగ్గరికి వచ్చేసింది. ఇక ఆమెను ఎవరు చూసినా లాభం లేదు, మాట పట్టాలెక్కేసింది. ఒకచోట తడబడి "భాగస్వాముల" అందో లేదో వెనక నుంచి గురక పెరిగింది. "అంటే, అమ్మలూ మేమూ అందరం కలిసి," అని దిద్దుకుంది.

పెన్ను మూత పెట్టిన ఆయన కాగితాల్లో ఉన్న గది ప్లాను చూసి, "చిన్న గదికి ఇంత పెద్ద కిటికీ ఎందుకండీ?" అని తెలుగులోనే అడిగాడు.

"మీ బిల్డింగు కనబడటానికండి. బుజ్జి వాళ్ళమ్మ తుడిచేది ఈ అద్దాలే."

మేడమ్ తల తిప్పి అద్దంలోంచి బయటికి చూసింది. తర్వాత, గది ఎప్పటికల్లా కావాలని అడిగింది.

ఇంటికి వచ్చాక కూడా రాహేలు శాంతించలేదు. "గంత పెద్దాఫీసుల గురక పెడ్తరా సారూ? మొత్తం ఇజ్జత్ పాయె. దేవుని దయవల్ల నా బిడ్డ గట్టిది గాబట్టి పని అయింది."

"ఏసీ చల్లగా ఉందమ్మా, ఏం చేయను," అన్నారు చలపతిరావు గారు, పడక్కుర్చీ వెతుక్కుంటూ.

షారోన్ వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలుపుతున్న కనకలక్ష్మి పక్కన నిలబడింది. "ఆంటీ, ఇంత గురకతో రాత్రిళ్ళు మీకు నిద్రెలా పడుతుంది?"

"రాత్రి గురకెందుకమ్మా?" అంది కనకలక్ష్మి చక్కెర వేస్తూ. "రాత్రి నిజంగానే నిద్రపోతారుగా. చప్పుడే ఉండదు. ఊపిరి ఉందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను."

షారోన్ గుమ్మంలోంచి పడక్కుర్చీ వైపు తొంగి చూసింది.

"నా పెళ్ళిచూపులనాడూ ఇంతే. పాడమంటే, అంతమంది ముందా అని లేచి పారిపోదామనుకున్నాను. ఈయన గుర్రుపెట్టారు. అందరూ ఈయన్ని తిట్టడంలో పడ్డారు. ఆ సందట్లో నేను హాయిగా పాడేసుకున్నాను. మా మామయ్య వినలేదనుకో." ఆవిడ కాఫీ అందించింది. "ఈయన మాత్రం విన్నారు. రెండో చరణం మింగేశావేమని పెళ్ళయ్యాక అడిగారు."

వానలకు ముందే గది లేచింది, కిటికీతో సహా. ప్రారంభం రోజున మైకు షారోన్ చేతికి దొరికింది. ఇక ఇవ్వదే. ముందు వరుసలో ఇంతమంది చూస్తున్నా లెక్కచేయకుండా సచివాలయం గుమాస్తాలనుంచి పెళ్ళిచూపుల దాకా, పడక్కుర్చీ నుంచి పొడుగాటి బల్ల దాకా మొత్తం చెప్పేసింది. "నా బిడ్డకు నా పోలికొచ్చింది," అని రాహేలు మురిసిపోయింది. బుజ్జి కిటికీ ఎక్కి, ఇవాళ అమ్మ తుడిచేసిందని ప్రకటించింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే చలపతిరావు గారు కర్ర ఊతంగా లేచి నిలబడ్డారు. ముఖం గంటు పెట్టుకున్నారు.

"ఈ అమ్మాయి చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. సచివాలయంలో నేను ఏనాడూ కన్ను మూయలేదు. పెళ్ళిచూపుల్లో పాడింది మా ఆవిడ కాదు, వాళ్ళక్క. ఇక ఆ కంపెనీ అంటారా, నేనసలు అక్కడికి వెళ్ళనే లేదు. ఆ రోజంతా ఇంట్లో పడుకుని నిద్రపోయాను."