బుల్లమ్మ చేతి వాసన

శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డున ఒక చిన్న పేట. అక్కడ బుల్లమ్మ ముప్పై ఏళ్ళుగా ఎండు నెత్తళ్ళు అమ్ముతోంది. పొద్దున్నే ఇసుక మీద చేపలు ఆరబోస్తుంది. ఎండెక్కాక గంప నెత్తిన పెట్టుకుని రైతుల ఊళ్ళకు పోతుంది. మొగుడు పోయాక ఇంట్లో ఆమెకు తోడు ఒక బూడిదరంగు పిల్లి.

ఆ పిల్లి తోక తలుపు సందులో నలిగింది. తలుపు మూసింది బుల్లమ్మే. గాయం గోరంత. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ శైలజ మందు రాసి, రోజూ కట్టు మార్చమంది. బుల్లమ్మ మార్చింది. పిల్లి పీకేసింది. మళ్ళీ కట్టింది. ఈసారి పిల్లి కట్టుతో పాటు తోకనూ కొరుక్కుంది. బుల్లమ్మ మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తింది.

"ఇలాగే కొరికితే తోక చివర తీసేయాలి పిన్నీ. సోమవారం దాకా చూద్దాం."

"నానే నలిపి, నానే కోయించాలేటమ్మా?"

శైలజ విప్పిన కట్టును వాసన చూసి నవ్వేసింది. "తోకకి నెత్తళ్ళ పొట్లం కట్టావు పిన్నీ. తినక ఏం చేస్తుంది?"

బుల్లమ్మ వాసన చూసింది. మందు వాసన. తన వేళ్ళు చూసుకుంది. ఏ వాసనా లేదు.

ఇంటికెళ్ళి సబ్బుతో తోమింది, చింతపండుతో తోమింది. చెయ్యి చాపితే పిల్లి వచ్చి వేళ్ళు నాకింది. పేటలో ఎవరిని పిలిచినా అవే చేపల చేతులు.

అప్పుడు తాయారు గుర్తొచ్చింది. గంప దించగానే పమిటతో ముక్కు మూసుకునే రైతింటి ఇల్లాలు. ఆ ముక్కుకి బంగారం తొడగాలని బుల్లమ్మ పేటలో ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో.

మర్నాడు గంపలో పిల్లిని పెట్టుకుని ఆ గుమ్మం ముందు దించింది.

"ఏటే, ఈయేల ఏటి తెచ్చినావు?" పమిట అప్పటికే ముక్కు మీద ఉంది.

"పిల్లినమ్మా. కట్టు కట్టాల. మా సేతులు పనికిరావట."

తాయారు సంగతంతా వింది.

"నాను ముక్కు మూసుకుంటే నీకు కోపం వచ్చీదా?"

"వచ్చీది."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే కొంతావేటి?"

తాయారు పమిట నడుముకు దోపి కట్టు కట్టడానికి కూర్చుంది. పిల్లి రక్కింది. "ఓలమ్మో, పట్టుకోయే!" అని అరిచి, అంతలోనే, "వద్దు, ముట్టకు!" అంది. బుల్లమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. సోమవారం దాకా రోజూ అలాగే నిలబడింది.

సోమవారం శైలజ కట్టు విప్పింది. గాయం ఎండి పక్కు కట్టింది. కోయక్కర్లేదంది.

మర్నాడు బుల్లమ్మ నెత్తళ్ళ గంప దించింది. తాయారు చెయ్యి అలవాటుగా పమిట మీదికి పోయి, ముక్కు దాకా వెళ్ళకుండా ఆగింది.

"మూసుకోమ్మా," అంది బుల్లమ్మ. "వాసన నిజంగానే వస్తాది కాబోలు."

తాయారు మూసుకుంది. "తోకెలాగున్నాది?" అని పమిట చాటు నుంచే అడిగింది.