రొయ్యల పక్కన మావయ్య డిస్కు

ఇంట్లో కంప్యూటరుంటే చాలు, ఆ ఇంటి కుర్రాడికి దాని లోగుట్టంతా తెలుసనుకునే రోజులవి. నేను కంప్యూటరు చదువు చదవలేదు. దొరికిన పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అయినా రాజోలులో మా వీధిలో ఎవరి ప్రింటరు మొరాయించినా నన్నే పిలిచేవారు. దేన్నయినా అంకెల్లోకి మారిస్తే సగం బాగైనట్టేనని అప్పట్లో నా నమ్మకం. (మా మేడమెట్లు పదిహేడు. ఇప్పటికీ ఎక్కుతూ లెక్కపెడతాను.)

అత్తయ్య పోయి ఏడాది కావస్తుండగా ఒక ఉదయం మావయ్య, అంటే మా అమ్మ అన్నగారు, తువ్వాల్లో చుట్టిన హార్డ్ డిస్కు పట్టుకుని వచ్చేరు. “అల్లుడూ, ఇది టక్కుటక్కుమంటుందిరా. దీన్లో మీ అత్తయ్య గొంతుంది. సండే స్కూలు పిల్లలకి కథ చెప్పింది చూడు, నలభై నిమిషాలు, అదొక్కటి తీసిపెట్టు. తొమ్మిది రోజుల్లో జ్ఞాపకార్థ కూడిక. అందరికీ వినిపిద్దామని.”

“ఇంకెక్కడైనా దాచేరాండీ?”

“ఎక్కడ దాస్తానురా? ఫోటోలు గోడ మీదున్నాయి. గొంతు దీన్లోనే ఉంది.”

వేడెక్కితే ఆగిపోయే డిస్కుని చల్లబరిస్తే కాసేపు తిరుగుతుందని ఎక్కడో చదివాను. పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రిజ్ పైఅరలో, గడ్డకట్టిన రొయ్యల పక్కన పెట్టాను. అమ్మ తలుపు తీసి కేక పెట్టింది. “ఒరేయ్, మా వదిన బతికుండగా నీచు ముట్టని మనిషిరా! తీసుకెళ్ళి రొయ్యల పక్కన పడుకోబెడతావా?” చివరికి రొయ్యలు పొరుగింటికి వెళ్ళాయి, డిస్కు నిలిచింది.

రెండు గంటలు చల్లబరిస్తే పద్దెనిమిది నిమిషాలు తిరిగేది. నోటుబుక్కులో పట్టిక గీశాను. మొత్తం ఫైళ్ళు రెండువేల మూడువందల పదిహేడు. వాటన్నిట్లోకీ అత్తయ్య కథే పెద్దది. డిస్కు నడిచే నత్తనడకన అది నా కంప్యూటర్లోకి ఎక్కడానికి ఇరవైఆరు నిమిషాలు కావాలి, ఉన్నవేమో పద్దెనిమిది. అందుకని చిన్నవాటితో మొదలుపెట్టి, డిస్కు తీరు తెలిశాక పెద్దదాన్ని పట్టుకుందామని తీర్మానించాను. కాగితం మీద దానికి తిరుగులేదు. తిరిగిన ప్రతిసారీ డిస్కు ఆయుష్షు తరుగుతుందనీ, బయటికి తీసిన ప్రతిసారీ దానిమీద మంచు కరిగి నీరవుతుందనీ పట్టికలో గడి గీయలేదు. రోజూ సాయంత్రం మావయ్య వచ్చి “ఎక్కిందా?” అనేవారు. “వరసలో ఉందండీ” అనేవాణ్ణి. పోస్టాఫీసు గుమస్తాలా.

ఏడో రోజుకి అదొక్కటే మిగిలింది. డిస్కు పెట్టాను. మూడుసార్లు టక్కుమంది. ఆ తర్వాత చప్పుడే లేదు. పళ్ళెంలో పెట్టిన ఇటుకముక్కలా ఉండిపోయింది.

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మావయ్య రాగానే పట్టిక చూపించి, “నూటికి తొంభైతొమ్మిది పాయింట్ తొంభైఆరు వంతులు దక్కేయండీ” అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పట్టికంతా చూసేరు. “ఆ మిగతాదే కదరా నేనడిగింది” అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అమ్మ కాఫీ ఇచ్చింది, ఆయన ముట్టలేదు. ఏదో ఒకటి చెయ్యాలని దక్కిన ఫైళ్ళు వరసగా తెరిచాను. కరెంటు రశీదులు, ఎవరిదో పెళ్ళిశుభలేఖ. వాటి మధ్య పదకొండు సెకన్ల రికార్డింగు ముక్కొకటి. నొక్కాను.

“ఏవండీ, ఎక్కుతుందా? ఎర్రదీపం వెలగలేదేంటి? మీకేం చెప్పినా సగమే చేస్తారు!”

కథ మొదలుపెట్టే ముందు అత్తయ్య సరిచూసుకున్న ముక్క అది. కూడికలో అదే వినిపించాం. అందరూ ఒక్కసారి నవ్వేరు, ఆనక ఎవరూ తలెత్తలేదు. ముందు వరసలో మావయ్య మెల్లిగా, “వెలిగిందే. ఇక చెప్పు” అన్నారు. ఆ తర్వాత చెప్పాల్సిన నలభై నిమిషాలూ నా పట్టికలో ఆఖరి వరసలో ఉండిపోయాయి.

ఇప్పుడెవరైనా చెడిపోయిన డిస్కు తెస్తే, కాగితం తీసేముందు “ముందు ఏది కావాలండీ?” అని అడుగుతున్నాను. ఆ పాత నోటుబుక్కు నా దగ్గరే ఉంది. 99.96 కింద రెండు గీతలు గీసి, పక్కన ‘విజయం’ అని రాసుకున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. (భాగహారం మాత్రం సరిగ్గానే ఉంది. మొన్న మళ్ళీ చేసి చూశాను.)